నడిసముద్రంలో ట్యూనా వేట: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లోనో, అనకాపల్లి జిల్లా పూడిమడక ఒడ్డునో పెద్ద ట్యూనాను ఇద్దరు మనుషులు కర్రకు కట్టి మోసుకొస్తుంటే చూసినవాళ్లకు వెంటనే సందేహాలు మొదలవుతాయి. ఇంత చేప ఎక్కడ దొరికింది, ఎలా పట్టారు, మన మార్కెట్లో ఎందుకు కనిపించదు అని. ఇక్కడి జవాబులు ప్రధానంగా ఉత్తరాంధ్ర తీరం నుంచి గాలాలతో సాగే వేటకు సంబంధించినవి. ఇతర ప్రాంతాల సంగతి అవసరమైన మేరకే ఉంటుంది.

మన తీరంలో దొరికే ట్యూనాలు ఏవి?

ఒడ్డుకు దగ్గర్లో తిరిగే చిన్న రకాలు, లోతు సముద్రపు పెద్ద రకాలు అని రెండు గుంపులుగా అనుకోండి. వలల్లో తరచూ పడే చిన్న ట్యూనాలను మత్స్యకారులు సూరలు అంటారు. లోతు నీళ్లలో ముఖ్యమైనవి ఎల్లోఫిన్, స్కిప్‌జాక్. స్కిప్‌జాక్ సాధారణంగా రెండు నుంచి ఐదు కిలోలు తూగుతుంది, పొట్ట మీద తల నుంచి తోక వైపు సాగే నల్లటి చారలుంటాయి. ఎల్లోఫిన్ వెన్ను మీద, పొట్ట కింద పొడవాటి పసుపు రెక్కలు కొడవళ్లలా వెనక్కి వంగి ఉంటాయి. గాలానికి ఇరవై కిలోల చేప పడటం మామూలే, యాభై దాటినవీ పడతాయి. ప్రపంచంలో అతి పెద్దవి రెండు వందల కిలోల దగ్గరకు వస్తాయి. బిగ్‌ఐ ట్యూనా ఇంకా లోతులో తిరిగే చేప, చిన్న పడవలకు అరుదు.

ఎంత దూరం వెళ్లాలి?

విశాఖ దగ్గర ఖండపు తీరపు అంచు, అంటే సముద్రపు అడుగు 200 మీటర్ల లోతు నుంచి ఒక్కసారిగా దిగిపోయే చోటు, ఒడ్డుకు నలభై కిలోమీటర్ల అటూఇటూలో ఉంటుంది. పెద్ద ట్యూనా వేటంతా ఆ అంచు దగ్గరా, దాని అవతలా. ఫైబర్ పడవల వాళ్లు తెల్లవారుజామున రెండు మూడు గంటలకే బయలుదేరేది అందుకే. వెలుతురు వచ్చేసరికి గాలం నీళ్లలో ఉండాలి. పెద్ద మర పడవల వాళ్లు మంచు, డీజిల్, బియ్యం నింపుకుని రోజుల తరబడి అక్కడే ఉండిపోతారు.

అంత సముద్రంలో చేప ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

అసలు వెతికేది చేపను కాదు, దాని తిండిని. ట్యూనా ఒక చోట ఆగి ఉండలేదు. నోరు తెరిచి ముందుకు ఈదుతూ ఉంటేనే మొప్పల మీదుగా నీరు పారి ఊపిరాడుతుంది, ఆగితే చనిపోతుంది. రాత్రీపగలూ ఈదే చేపకు తిండి కూడా అంతే కావాలి. కాబట్టి చిన్న చేపలు, స్క్విడ్‌లు గుమిగూడే చోటు తెలిస్తే దాని చోటూ తెలిసినట్టే.

ఆ గుమిగూడే చోట్లు ఎక్కువగా నీటి సరిహద్దులు. రెండు ప్రవాహాలు కలిసే చోట ఒక పక్క నీరు పచ్చగా, మరో పక్క ముదురు నీలంగా కనిపిస్తుంది. మధ్యలో నురుగు, చెత్త, కొట్టుకొచ్చిన మొక్కలు గీత గీసినట్టు సాగుతాయి. పచ్చ నీళ్లలో నాచు జీవులు ఎక్కువ, వాటిని తినే చిన్న చేపలు ఎక్కువ. ట్యూనా మాత్రం కంటితో వేటాడే చేప, మసక నీళ్లు దానికి పనికిరావు. అందుకని నీలం వైపు ఉండి, అంచు దాటి వచ్చిన వాటిని పట్టుకుంటుంది. కొత్తగా వేటకు వెళ్లేవాళ్లు చేసే పొరపాటు పచ్చ నీళ్ల మధ్యలో గాలం వేయడం. అక్కడ కవళ్లు, కానాగంతలు దొరకవచ్చు, పెద్ద ట్యూనా దొరకదు.

తేలుతున్న దుంగ కనిపిస్తే వదలకండి. తుఫాను తర్వాత నదుల నుంచి కొట్టుకొచ్చిన మానులు, తెగిన వలల ముద్దలు, తేలియాడే పీపాలు, వీటి కింద నాలుగైదు రోజుల్లోనే చిన్న చేపలు చేరతాయి, వాటి వెనక పెద్దవి చేరతాయి. పడమటి హిందూ మహాసముద్రంలో పెద్ద ఓడలు ఇదే సూత్రంతో కావాలని తెప్పలు వదిలి, వాటికి ఉపగ్రహ పరికరాలు కట్టి, చేరిన మందను మొత్తంగా వలలో చుట్టేస్తాయి.

ఇక పక్షులు. ట్యూనా మంద కింది నుంచి తరుముతుంటే చిన్న చేపలు నీటి పైకి తేలతాయి, పైన పక్షులు కాచుకుని ఉంటాయి. దుక్కి దున్నుతుంటే నాగలి వెంట కొంగలు నడిచినట్టు ఆ పక్షులు మంద వెంటే కదులుతాయి. ఎత్తులో గిరగిర తిరుగుతున్నాయంటే మంద ఇంకా లోతులో ఉందని, ఒకే వైపు సాగుతున్నాయంటే అది ప్రయాణంలో ఉందని, నీళ్లలోకి దూకుతున్నాయంటే పైకి వచ్చిందని లెక్క. నీటి మీద ఊరికే కూర్చున్న పక్షులకు మన సరంగులు, అంటే పడవ నడిపేవాళ్లు, విలువ ఇవ్వరు. తినడం అయిపోయిందన్నమాట.

మంద కనిపించింది. నేరుగా దాని మీదికి పోనివ్వాలా?

వద్దు. ఇంజన్ చప్పుడుతో మంద మధ్యలోకి వెళితే అది మునిగిపోతుంది, మళ్లీ ఎక్కడ తేలుతుందో చెప్పలేం. అది సాగే దిక్కు చూసి, దూరం నుంచి చుట్టు తిరిగి, దాని ముందుకు చేరి, ఇంజన్ తగ్గించి ఎదురు చూడాలి. పక్కన మరో పడవ ముందే ఉంటే దాని దారికి అడ్డం వెళ్లకపోవడం రేవు మర్యాద. ఈ మర్యాద తప్పినందుకే నడిసముద్రంలో గొడవలు అవుతాయి.

ఇన్‌కాయిస్ ఇచ్చే సమాచారం నిజంగా పనికొస్తుందా?

పనికొస్తుంది, వాడటం తెలిస్తే. హైదరాబాద్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం ఉపగ్రహాలు చూపే సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత, నీటిలోని పత్రహరితం మోతాదు ఆధారంగా చేపలు ఉండే అవకాశమున్న ప్రాంతాలను గుర్తిస్తుంది. ట్యూనాకు విడిగా సూచనలు ఇస్తుంది. తెలుగులోనే, ఫలానా రేవు నుంచి ఏ దిక్కుగా, ఎన్ని కిలోమీటర్ల దూరంలో, ఎంత లోతున్న చోట, ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర అన్న వివరాలుంటాయి. ఫోనుకూ వస్తుంది, కొన్ని రేవుల్లో బోర్డుల మీదా కనిపిస్తుంది.

రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మేఘాలు కమ్మితే కొన్ని ఉపగ్రహాలకు సముద్రం కనిపించదు, ఆ రోజుల్లో సూచన ఉండకపోవచ్చు. వేట నిషేధ కాలంలోనూ ఇవ్వరు. రెండోది, నీరు నిలిచి ఉండదు. నిన్న గుర్తించిన అంచు ఇవాళ్టికి ప్రవాహంతో పాటు జరిగిపోతుంది. అందువల్ల వాళ్లు ఇచ్చిన బిందువు మీదే లంగరు వేసుకుని కూర్చుని, చేప పడలేదని తిట్టుకోవడం అన్యాయం. ఆ ప్రాంతానికి చేరాక నీటి రంగు, పక్షులు, చెత్త గీత చూసుకునే పని మనదే. ఉపగ్రహం చేసేదల్లా వెతకాల్సిన ప్రాంతాన్ని, దాంతో పాటు డీజిల్ ఖర్చునూ తగ్గించడం.

ఎంత లోతులో గాలం వేయాలి?

బంగాళాఖాతానికి గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు పైపొరగా పరుచుకుంటుంది. కింద ఒక హద్దు దగ్గర నీరు ఉన్నట్టుండి చల్లబడుతుంది. ఇంకాస్త దిగితే ప్రాణవాయువు బాగా తక్కువ. ఎల్లోఫిన్ వేటాడేటప్పుడు లోతుకు దూకగలదు గానీ ఎక్కువ సమయం ఆ చల్లటి హద్దుకు పైనే గడుపుతుంది. అందువల్ల మన వైపు ఉపరితలం నుంచి నూరు మీటర్ల లోపు గాలాలకే ఎక్కువ పని. మంద పైకి తేలిన సమయంలో ఎరను పైనే వదలాలి, ఎండ ఎక్కాక దించాలి. పొద్దు పొడిచే వేళ, పొద్దు వాలే వేళ చేప పైన ఉంటుందన్నది అందరికీ అనుభవమే.

గాలం, ఎర ఎలాంటివి?

చేతి గాలానికి కావలసింది మందపాటి నైలాన్ దారం, గట్టి గాలం, ప్రాణమున్న ఎర. చిన్న చేపలను ముందుగా పట్టి, నీళ్లు మారుస్తూ డబ్బాలో బతికించుకుంటారు. వీపు దగ్గర పైపైన గుచ్చితే ఎర చాలాసేపు ఈదుతుంది, ఆ ఈతే ట్యూనాను పిలుస్తుంది. బతికినవి లేకపోతే స్క్విడ్. పడవ నడుస్తుండగా వెనక కృత్రిమ ఎరలు లాగే పద్ధతికి స్కిప్‌జాక్ బాగా పడుతుంది.

గాలం కొన గుండ్రంగా లోపలికి తిరిగి ఉన్న రకం వాడమని నా సలహా. దాన్ని చేప మింగినా కడుపులో గుచ్చుకోకుండా జారి దవడ మూలలో పడుతుంది. పొరపాటున తాబేలుకు తగిలినా ప్రాణాపాయం తక్కువ. కాకపోతే దీనికి ఒక్క అలవాటు మార్చుకోవాలి. తగలగానే విసురుగా గుంజకూడదు, దారం బిగిసేదాకా ఆగి నిలకడగా లాగాలి.

లక్షద్వీప్‌లో, ముఖ్యంగా మినికాయ్‌లో, పద్ధతే వేరు. బతికిన చిన్న చేపలను చల్లి స్కిప్‌జాక్ మందను పడవ దగ్గరే రేపి, గడకర్రలకు కట్టిన గాలాలతో ఒక్కొక్కదాన్నీ ఎగరేసి వెనక్కి పడేస్తారు. ఎరకు కావలసిన చిన్న చేపలు అక్కడి పగడపు మడుగుల్లో దొరుకుతాయి. మన తీరంలో ఆ వసతి లేదు.

చేప తగిలాక ఏం జరుగుతుంది?

ఎల్లోఫిన్ గాలం తగలగానే నిటారుగా కిందికి దిగుతుంది. ఆ మొదటి పరుగును ఎవరూ ఆపలేరు, ఆపాలని చూడకూడదు. దారం చేతుల్లోంచి జారనివ్వాలి, అదీ రబ్బరు తొడుగులతోనే. ఒట్టి చేతుల్లోంచి జారే నైలాన్ దారం చర్మాన్ని కోసేస్తుంది. పరుగు నెమ్మదించాక కొంచెం కొంచెం లాగాలి. అలసిన చేప గుండ్రంగా తిరుగుతూ పైకి వస్తుంది. దాని తల పడవ వైపు ఉన్న అర చుట్టులో లాగాలి, తల అటు తిరిగినప్పుడు ఊరికే పట్టుకుని ఉండాలి. నీటి కింద వెండి మెరుపు కనిపించగానే తొందరపడేవాళ్లే ఎక్కువ చేపలు పోగొట్టుకుంటారు.

పడవ పక్కకు వచ్చాక ఇనుప కొక్కెంతో తలకే గుచ్చాలి. ఒంటికి గుచ్చితే ఆ మాంసం ధర పోతుంది.

ఇదంతా జరుగుతున్నప్పుడు మిగిలినవాళ్ల పని పడవలో పడి ఉన్న దారపు చుట్టల మీద కాలు పడకుండా చూసుకోవడం. మణికట్టుకో వేళ్లకో దారం చుట్టుకుని లాగడం అన్నిటికన్నా ప్రమాదం. పైగా తగిలింది ట్యూనానే అన్న హామీ లేదు. 2025 జూలైలో పూడిమడక మత్స్యకారుల గాలానికి కొమ్ము కోనెం తగిలి, దాన్ని లాగుతున్న మనిషిని సముద్రంలోకి ఈడ్చుకుపోయింది. నడుముకు ఎప్పుడూ కత్తి ఉండాలనేది చేపను కోయడానికి కాదు, దారం తెగ్గొట్టడానికి.

ఒకే రోజు, ఒకే రకం చేపకు ఇద్దరికి వేర్వేరు ధరలు ఎందుకు?

ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి. చేపను వెతకడం గురించి గంటలు మాట్లాడుకుంటాం, పడవలోకి వచ్చాక ఏం చేయాలో పట్టించుకోం. డబ్బు పోయేది అక్కడే.

ట్యూనా ఒంటి వేడి సముద్రపు నీటికన్నా ఎక్కువ. కండరాల్లో పుట్టిన వేడిని బయటికి పోనివ్వకుండా తిరిగి వాడుకునే రక్తనాళాల అమరిక దానికి ఉంది. చాలాసేపు పెనుగులాడిన చేపలో ఆ వేడి ఇంకా పెరుగుతుంది, కండలో ఆమ్లం చేరుతుంది. అలాంటి మాంసం ఎరుపు తగ్గి, పాలిపోయి, మెత్తబడుతుంది. పచ్చిగా తినే మార్కెట్‌కు అది పనికిరాదు.

అందుకే చేప పడవలో పడగానే కొట్టుకోనివ్వకూడదు. కింద తడి గోనె గానీ మెత్తటి పరుపు గానీ వేసి, కళ్లకు గుడ్డ కప్పితే నెమ్మదిస్తుంది. రెండు కళ్ల మధ్య చెక్క సుత్తితో ఒక దెబ్బ, ఆ తర్వాత మెదడులోకి మేకు. వెంటనే ఛాతీ రెక్క వెనక, రెక్క మడిస్తే దాని కింద దాగే చోట, లోతు తక్కువ గాటు పెడితే రక్తం చిమ్ముతుంది. రెండు పక్కలా పెట్టాలి. గుండె ఇంకా కొట్టుకుంటున్నప్పుడే ఇది జరగాలి, ఆగిపోయాక కోసినా రక్తం పూర్తిగా రాదు. తర్వాత మొప్పలు, పేగులు తీసి సముద్రపు నీటితో కడిగి, మంచు, ఉప్పు నీరు కలిపిన తొట్టెలో ముంచాలి. ఒట్టి మంచుగడ్డల మీద పెడితే గడ్డ తగిలిన చోటే చల్లబడుతుంది, మంచు నీళ్లు చుట్టూ పట్టుకుంటాయి. పొట్టలో, మొప్పల ఖాళీలో కూడా మంచు కూరాలి. నలభై కిలోల చేప వెన్నెముక దగ్గర చల్లబడటానికి గంటలు పడుతుంది. తోక పట్టి వేలాడదీయకూడదు, సొంత బరువుకే లోపల కండలు చీలిపోతాయి.

రేవులో కొనేవాడు ఏం చూస్తాడో గమనించండి. ఛాతీ రెక్క కింద సన్నటి బోలు ఊచ దింపి, వేలి మందం కూడా లేని మాంసం ముక్క బయటికి తీస్తాడు. తోక దగ్గర చిన్న ముక్క కోస్తాడు. ఆ రెంటినీ వెలుతురుకు పట్టి రంగు, నిగనిగ, కొవ్వు చూస్తాడు, వేళ్ల మధ్య నలిపి చూస్తాడు. ఎగుమతికి పోతుందా, కూరకు పోతుందా అన్నది అర నిమిషంలో తేలిపోతుంది. బయటి నుంచి రెండు చేపలూ ఒకేలా మెరుస్తూ ఉంటాయి. గాలాలకూ ఇంజన్‌కూ అప్పు చేసే మనవాళ్లు మంచు దగ్గర మాత్రం చేయి వెనక్కి తీసుకోవడం నాకు ఇప్పటికీ అర్థం కాదు. చిన్న పడవలో చోటు లేదన్న మాట కొంత నిజం. మంచి మూత, మందపాటి గోడలున్న పెట్టె ఒక్కటి ఉంటే ఆ సమస్య చాలావరకు తీరుతుంది.

ట్యూనా తిని ఒళ్లు దద్దుర్లు తేలాయి. నాకు చేపలు పడవా?

పడకపోవడం కాకపోవచ్చు. చేప చల్లదనంలో లేకపోతే దాని మాంసంలోని ఒక పదార్థాన్ని సూక్ష్మజీవులు హిస్టమిన్‌గా మారుస్తాయి. తిన్న కొద్ది నిమిషాల నుంచి కొన్ని గంటల్లోపు మొహం ఎర్రబడటం, దురద, తలనొప్పి, వాంతులు రావచ్చు. వండినా, గడ్డకట్టించినా, డబ్బాలో పెట్టినా హిస్టమిన్ పోదు. వాసన బాగున్నంత మాత్రాన చేప మంచిదని కాదు. నాలుక మీద మిరియపు ఘాటులా చురుక్కుమంటే తినడం ఆపండి. ఊపిరాడటం కష్టమైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

జపాన్‌లో కోట్లు పలికే చేప ఇదేనా?

కాదు. 2019 జనవరిలో టోక్యో వేలంలో 278 కిలోల చేప 33.36 కోట్ల యెన్‌లు పలికింది. అది బ్లూఫిన్, మన బంగాళాఖాతపు వేటలో దొరికేది కాదు. పైగా అది సంవత్సరపు తొలి వేలంలో ప్రచారం కోసం పెట్టే ధర. ఆ వార్త చూసి ఎల్లోఫిన్ వేటలో పెట్టుబడి పెట్టమని చెప్పేవాళ్లుంటే దూరంగా ఉండండి.

విశాఖలో దిగిన చేపను విశాఖవాళ్లే ఎందుకు అంతగా కొనరు?

రంగు వల్ల. వంజరం, చందువా లాంటి తెల్ల మాంసానికి అలవాటైన ఇళ్లలో ముదురు ఎరుపు ముక్కను చూసి మొహం తిప్పుకుంటారు. కేరళలో గిరాకీ ఎక్కువ కాబట్టి సరుకు అటు పోతుంది. ఇంట్లో వండేవాళ్లకు ఒక మాట: మధ్యలో ఉండే నల్లటి పట్టీ తీసేసి, చింతపండు పులుసు బాగా మరిగాక ముక్కలు వేసి తొందరగా దించండి. ఎక్కువ ఉడికితే పీచులా అవుతుంది.

వేటకు నిబంధనలు ఏమున్నాయి?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవల వేట నిషేధం. ఆ కాలానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో కుటుంబానికి ₹20,000 అయింది. పడవ నమోదు, లైసెన్సు తప్పనిసరి. ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, దాటితే కేంద్రం పరిధి. 2025 నవంబరులో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఆ అవతల వేటాడే పెద్ద పడవలకు ఆన్‌లైన్‌లో అనుమతి పత్రం కావాలి, చిన్న సంప్రదాయ పడవలకు అక్కర్లేదు. ఎల్ఈడీ దీపాలతో చేపలను రప్పించి పట్టడం నిషిద్ధం.

ట్యూనాలు తరిగిపోతున్నాయా?

హిందూ మహాసముద్రపు ట్యూనాల లెక్క చూసే అంతర్జాతీయ సంఘం సీషెల్స్‌లో ఉంది, భారత్ అందులో సభ్య దేశం. ఎల్లోఫిన్‌ను హద్దు మీరి పడుతున్నారని 2015లో తేల్చింది, 2017 నుంచి కోతలు పెట్టింది. 2024 అంచనాలో పరిస్థితి మెరుగ్గా కనిపించింది. పిల్ల చేపలను ఎక్కువగా ఊడ్చేది వదిలిన తెప్పల కింద వేసే భారీ చుట్టు వలలే. మన చేతి గాలానికి పడేవి ఎక్కువగా పెద్దవి. అయినా మీటరు పొడవు లేని ఎల్లోఫిన్ చాలావరకు ఇంకా గుడ్లు పెట్టనిదని తెలిసి, బతికి ఉంటే వదిలేయడం మంచిది.

సరదాగా ఒక్కసారి వెళ్లి రావాలంటే?

నమోదైన పడవ, అనుభవమున్న సరంగు, మనిషికొక లైఫ్ జాకెట్ లేకుండా వెళ్లకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానుల కాలం. వాతావరణ శాఖ వేటకు వెళ్లవద్దన్న రోజున, సముద్రం అద్దంలా ఉన్నా సరే, ఒడ్డునే ఉండాలి. అరవై కిలోమీటర్ల అవతల సెల్‌ఫోను పనిచేయదు, కాబట్టి ఒడ్డుతో, ఇతర పడవలతో మాట్లాడే వీహెచ్ఎఫ్ రేడియో ఉందో లేదో ఎక్కకముందే చూడండి. ప్రమాద పిలుపుకు 16వ ఛానల్. ఫోను అందే దూరంలో ఉంటే, లేదా ఒడ్డున ఉన్నవాళ్లు పడవ తిరిగి రాలేదని చెప్పాలంటే, తీర రక్షక దళం ఉచిత నంబరు 1554. మీరు ఏ దిక్కుగా వెళుతున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఒడ్డున ఒకరికి రాసిచ్చి వెళ్లండి.